మన తోట జామకాయకు థర్మాకోల్ ట్రే ఎందుకు?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం పటమటలో ఒక సూపర్ మార్కెట్‌లో జామకాయలు కొన్నాను. రెండే కాయలు. కింద తెల్లటి థర్మాకోల్ ట్రే, పైన బిగించి చుట్టిన పల్చటి ప్లాస్టిక్ పొర, దాని మీద ‘లోకల్’ అని ఆకుపచ్చ స్టిక్కర్. కంకిపాడు వైపు తోటలో కాసినవని అక్కడి కుర్రాడు చెప్పాడు. ఇంటికొచ్చి కాయలు కడిగేలోపే ట్రే, పొర చెత్తబుట్టలో పడ్డాయి.

ఆ సాయంత్రమే బీసెంట్ రోడ్డులో బండి మీద వాషింగ్టన్ యాపిల్స్ తీసుకున్నాను. సముద్రాలు దాటి అట్టపెట్టెలో, కాగితపు గుజ్జు అరల్లో వచ్చినవి. బండి అబ్బాయి విడిగా తూచి నా గుడ్డ సంచిలో పోశాడు. ఖాళీ పెట్టెను పక్క కొట్టతను సామాను సర్దుకోవడానికి పట్టుకెళ్లాడు. మన కాయకు ప్లాస్టిక్ చుట్టి, పరాయి కాయను విడిగా అమ్ముతున్నామే అని మనసు చివుక్కుమంది.

దూరం నుంచి వచ్చిందే వాతావరణానికి చేటని మనలో చాలామంది అనుకుంటాం. విమానంలో వచ్చే పళ్ల విషయంలో అది నిజమే. ఓడలో వచ్చే సరుకు మీద కిలోకు పడే కాలుష్య భారం మనం ఊహించుకునేంత ఉండదు. 2018లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, ప్రపంచం తినే తిండి వల్ల వెలువడే, భూమిని వేడెక్కించే హరితగృహ వాయువుల్లో రవాణా వాటా సుమారు 6 శాతం, ప్యాకింగ్ వాటా సుమారు 5 శాతం. అంటే దూరమూ పొట్లమూ ఇంచుమించు సమానమే. మన ఊరి పంట తిని దూరంలో మిగుల్చుకున్నది ట్రేలో పోగొట్టుకుంటున్నాం. ఆ ప్లాస్టిక్‌ను ముడిచమురు నుంచి చేసేటప్పుడు ఎటూ కాలుష్యం తప్పదు. తెల్లవారుజామున వీధి మూలల్లో ఆకులతో కలిపి తగలబెడుతుంటారు కదా, కిలో పాలిథిన్ పూర్తిగా కాలితే మూడు కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది.

ప్యాకింగే వద్దని నేననను. నలిగి కుళ్లిన పండుతో పాటు దానికి పోసిన నీరు, ఎరువు, డీజిల్ అన్నీ వృథా, పైగా చెత్తకుప్పలో అది కుళ్లి మీథేన్ అనే మరో హరితగృహ వాయువు వస్తుంది. నా చిన్నప్పుడు మామిడికాయలు వరిగడ్డి పరిచిన పెట్టెల్లో వచ్చేవి, దెబ్బ తగిలేది కాదు. కానీ పొద్దున కోసి సాయంత్రానికి అమ్ముడుపోయే బెండకాయకూ దోసకాయకూ ఈ పొర దేనికి? బిల్లు త్వరగా కొట్టడానికి తప్ప.

2022 జూలై 1 నుంచి కేంద్రం నిషేధించిన ప్లాస్టిక్ వస్తువుల్లో ట్రేలు ఉన్నాయి. స్వీట్ డబ్బాకు చుట్టే పొర కూడా ఉంది. కూరగాయలకు చుట్టే పొర మాత్రం ఆ జాబితాలో లేదు. దాన్నీ చేర్చాలి. నేను చూసినంతవరకు తనిఖీలన్నీ తోపుడు బండ్ల దగ్గరే జరుగుతున్నాయి. కవర్ పట్టుకున్నందుకు కూరలమ్మే ఆవిడ జరిమానా కడుతుంటే, ఏసీ దుకాణాల్లో ట్రేలు వరసగా పేర్చి ఉంటున్నాయి. అధికారులు అక్కడికీ వెళ్లాలి. ఆ దుకాణాలు స్థానిక కూరలు, పళ్లు విడిగా తూచి అమ్మాలి.

ఇంకొక్క మాట. సొంత సంచి తెచ్చుకున్నవాళ్లను లోపలికి తీసుకెళ్లనివ్వండి. ఆ ఆదివారం నా గుడ్డ సంచిని గుమ్మం దగ్గరే తీసుకుని చేతిలో టోకెన్ పెట్టారు.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, పటమట, విజయవాడ