రావడం మానేశారని వదిలేయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

గుంటూరు బ్రాడీపేటలో మా అపార్ట్‌మెంట్‌లో ఒక రిటైర్డ్ మాస్టారు ఉన్నారు. రెండేళ్ల కిందట ఆయన భార్య పోయారు, పిల్లలిద్దరూ అమెరికాలో. మొదట్లో సాయంత్రాలు కిందికి వచ్చి వాచ్‌మన్ గది పక్కన మాతోపాటు కూర్చునేవారు, పోను పోను మానేశారు. ఆయనకు ఒక్కరే ఉండటం ఇష్టం కాబోలు అని మేమూ ఊరుకున్నాం. తప్పంతా అక్కడే జరిగింది, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొన్న కరెంటు బిల్లు ఇద్దామని తలుపు కొట్టాను. హాల్లో రెండు కుర్చీలుంటే రెండోదాని నిండా పాత పేపర్లు, అందులో ఎవరైనా కూర్చుని ఎన్నాళ్లయిందో. టీవీ మోగుతోంది గానీ ఆయన చూడటం లేదు. ఎందుకు రావడం లేదండీ అని అడిగితే కాసేపు మాట్లాడలేదు. ‘‘నేను రాగానే మీరంతా మాటలు ఆపేస్తున్నారండీ, నేను అడ్డమనిపించింది’’ అన్నారు. మేం మాటలు ఆపింది ఆయనకు కుర్చీ వేయడానికి!

అమెరికా సైకాలజిస్టు జాన్ కాసియోపో ఏళ్ల తరబడి పరిశోధించింది సరిగ్గా దీని గురించే. ఒంటరితనం కూడా ఆకలి, దాహం లాంటిదే, నలుగురిలోకి వెళ్లమని శరీరం చేసే హెచ్చరిక అనేవారాయన. అయితే అది నెలల తరబడి సాగితే మనసు ఎదురు తిరుగుతుంది, ఎదుటివాళ్ల ముఖంలో విసుగు, తిరస్కారం వెతుక్కోవడం మొదలుపెడుతుంది, దాంతో మనిషి ఇంకా ముడుచుకుపోతాడు. అంటే రావాల్సిన అవసరం ఎవరికి ఎక్కువో వాళ్లే రాలేరు. వాళ్లే వస్తారులే అని మనం కూర్చుంటే ఎలా?

ఇదేదో చిన్న బాధ కాదు. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని, ఏటా సుమారు 8,71,000 మరణాలకు దానితో సంబంధం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఇచ్చిన నివేదిక చెబుతోంది. బ్రిటన్ అయితే 2018లోనే దీనికోసం ఒక మంత్రిని పెట్టింది. పైగా ఇది ముసలివాళ్ల సమస్యే అనుకుంటాం గానీ టీనేజీ పిల్లల్లోనే ఎక్కువట. గుంటూరు, విజయవాడ హాస్టళ్లలో గదికి నలుగురైదుగురు ఉన్నా, ర్యాంకుల టెన్షన్‌లో ఎవరికీ మనసు విప్పి చెప్పుకోలేని పిల్లలు ఎంతమంది ఉన్నారో!

అపార్ట్‌మెంట్ కమిటీలకు నా మనవి ఒక్కటే. మీటింగుల్లో లిఫ్టు, మోటారు గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటున్నాం, మన బిల్డింగులో ఒక్కరే ఉంటున్నది ఎవరు, వారానికి ఒక్కసారైనా వాళ్ల తలుపు తట్టేది ఎవరు అన్నది కూడా అక్కడే తేల్చుకోండి. వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ పెడితే సరిపోదు. మరీ కుంగిపోయినట్టు కనిపిస్తే ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఉంది, పక్కన కూర్చుని మీరే ఫోన్ కలపండి.

మాస్టారు ఇంకా కిందికి రావడం లేదు. సాయంత్రం ఐదింటికి నేనే పైకి వెళ్తున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బ్రాడీపేట, గుంటూరు