నెమలి బాగుందా అని అడిగారు

ఇస్ఫహాన్, ఇరాన్

చిరంజీవి వసంతకు నాన్న ఆశీస్సులు.

ఫోనులో అయితే సగం చెప్పి సగం మరిచిపోతాను. అందుకే ఈ రాత్రి కూర్చుని రాస్తున్నాను. నేను క్షేమం. ఇక్కడి రొట్టె అలవాటైందని మీ అమ్మకు చెప్పు, తిండి గురించి బెంగపడుతూ ఉంటుంది.

ఈ రోజంతా నక్ష్-ఎ-జహాన్ మైదానంలో గడిచింది. నాలుగు వందల ఏళ్ళ కిందట పారసీక రాజు షా అబ్బాస్ కట్టించినది. పొడవు అర కిలోమీటరు పైమాటే. అప్పట్లో పోలో ఆటకు నాటిన రాతి స్తంభాలు రెండు కొసలా ఇంకా నిలబడే ఉన్నాయి. 'నక్ష్' నీకు కొత్త మాట కాదు. చేర్యాల పటాలు వేసేవారిని నకాషీలు అంటాం కదా, ఆ మాటే. మన కలంకారీ పేరు కూడా పారసీకం నుంచి వచ్చిందే. దుకాణాల్లో 'ఖలమ్‌కార్' అంటూ అచ్చుల అద్దకం దుప్పట్లు అమ్ముతున్నారు. చూడగానే పెడన గుర్తొచ్చింది.

ఆ దుకాణాల మధ్య ఒక ఇరుకు గదిలో ఒంటె ఎముక మీద బొమ్మలు వేసే పెద్దాయన ఉన్నారు. ఆయన మనుమడికి కొంచెం ఇంగ్లీషు వచ్చు. ఆ అబ్బాయిని మధ్యన పెట్టుకుని మూడు గంటలు కూర్చున్నాను.

ఎముకను ముందు బాగా ఉడకబెట్టి కొవ్వంతా వదిలిస్తారు. కొవ్వు మిగిలితే తర్వాత పసుపెక్కుతుందట. పెరాక్సైడ్ కలిపిన నీళ్ళలో వేసి తెల్లబరుస్తారు, ఆరబెట్టి పలుచగా కోస్తారు. ఎముక లోపల బోలు కాబట్టి అరచేతంత పలక ఒక్క ముక్కలో రాదు. సన్నని ముక్కలను అంచుకు అంచు అంటించి గరుకు కాగితంతో రుద్దుతారు. వెలుగుకు ఎత్తి పట్టుకుంటే గానీ అతుకు నాకు కనబడలేదు.

శ్రీకాళహస్తిలో నలభై ఏళ్ళు కలం పట్టిన చేయి నాది. మన గుడ్డ రంగును తాగుతుంది, ఎముక తాగదు. రంగు పైనే నిలుస్తుంది, కుంచెలో తడి కాస్త ఎక్కువైతే చారిక కడుతుంది. అందుకని నీడలను పూతగా వేయరు, చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ పోతారు. ఆ పనికి పర్దాజ్ అని పేరు. కుంచెను పిల్లి వెంట్రుకలతో ఆయనే కట్టుకుంటారు.

నేను చూస్తుండగా ఒక గుర్రానికి కన్ను పెట్టారు. పోలో ఆడే ఇద్దరు రౌతుల బొమ్మ అది. గుర్రం తల మొత్తం నా చిటికెన వేలి గోరంత. ముందు తెలుపు పెట్టారు. అది ఆరాక చుట్టూ నల్లని గీత, ఆ తర్వాత కుంచె మొనతో ఒక్క చుక్క. ఆ చుక్కకు ముందు ఆయన ఊపిరి బిగబట్టారు, నేనూ బిగబట్టాను. తర్వాత భూతద్దం నా చేతికిచ్చారు. గుర్రం బంతి వైపు చూడడం లేదమ్మా, పక్క గుర్రాన్ని చూస్తోంది.

పూర్వం ఏనుగు దంతం మీద కూడా వేసేవారట. దంతంలో వల పరిచినట్టు గీతలు ఒకదాన్నొకటి దాటుతూ ఉంటాయి. ఎముకలో సూది పొడిచినట్టు నల్లని చుక్కలుంటాయి, ఒకప్పుడు నెత్తురు పారిన దారులవి. దంతం అంతర్జాతీయ వ్యాపారాన్ని 1989లో నిషేధించారు. ఒంటె ఎముక మీద పని సాగుతూనే ఉంది. అసలు ఈ చిత్రాలు పుట్టింది ఎముక మీదా కాదు, దంతం మీదా కాదు, పుస్తకాల పుటల్లో. హెరాత్‌లో బెహ్జాద్ అనే పాతకాలపు చిత్రకారుడు వేసినవి పుస్తకాలలోని బొమ్మలే. ఇదే ఊళ్ళో షా అబ్బాస్ కొలువులో ఉన్న రెజా అబ్బాసీ విడి కాగితాల మీద ఒంటరి మనుషులను వేసి పేరు తెచ్చుకున్నాడు.

ఇదంతా వింటున్నప్పుడు నీ టేకు పలక గుర్తొచ్చింది. పోయిన సంక్రాంతికి నువ్వు దాని మీద కలంతో నెమలిని గీసి తెస్తే, గుడ్డ మీద లేనిది కలంకారీ కాదన్నాను. చుట్టాలందరి ముందూ అన్నాను. నువ్వు మాట్లాడకుండా దాన్ని అటకెక్కించావు. ఆ సంగతి ఈ రోజు పెద్దాయనతో చెప్పాను. ఆయన తప్పొప్పుల జోలికి పోలేదు. "నెమలి బాగుందా?" అని మాత్రం అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నేను చెక్కనే చూశాను తల్లీ, నెమలిని చూడలేదు.

నీకోసం ఆయన వేసిన చిన్న పలక ఒకటి కొన్నాను. ఎముక మీద అచ్చు వేసినవి కూడా ఇక్కడ అమ్ముతారు, భూతద్దం పెడితే వాటి చుక్కలు వరుసలు కట్టి కనిపిస్తాయి. ఇది అలాంటిది కాదు, గంటసేపు చూసి తీసుకున్నాను. చట్రం ఖాతమ్ పని. చెక్క, ఇత్తడి, ఎముక పుల్లలను కట్టగా అంటించి, అడ్డంగా పలుచగా కోసి అతికిస్తారు. నీ చేతికి వచ్చాక ఎండ తగలనివ్వకు, తడిగుడ్డతో తుడవకు.

నేను వచ్చేలోగా అటక మీది పలకను దించి ఉంచు. దానికి కరక్కాయ, పాలు పట్టించావా, ఉత్త చెక్క మీదే కసిమి నలుపు పెట్టావా? నలుపు ఎక్కడా పాకలేదని మీ అమ్మ అప్పుడే చెప్పింది. ఎలా ఆపావో నాకు చూపించాలి.

నాన్న