సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి వార్షిక నివేదిక

అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

మన నాలుగు బ్లాకులూ ఒకే ఇంటర్నెట్ కనెక్షన్ పంచుకుంటున్నాయి. మొన్నటిదాకా ఇళ్లన్నీ, వైర్లను ఒకచోట కలిపే పెట్టెలైన స్విచ్‌ల మీద ఒకే నెట్‌వర్క్‌గా ఉండేవి. ఏడాది మొదట్లో ఒక ఇంట్లో సొంత వైఫై రౌటర్ పెట్టుకుని, వైరును బయటి లైనుకు ఉన్న వాన్ పోర్టుకు బదులు ఇంట్లోని పరికరాలకు ఉన్న లాన్ పోర్టులో గుచ్చారు. ఆ రౌటర్ అందరి ఫోన్లకూ, కంప్యూటర్లకూ ఐపీ అడ్రసులు (ఒక్కో పరికరాన్ని గుర్తించే నంబర్లు) పంచుతూ, బయటికి వెళ్లే ద్వారం, అంటే గేట్‌వే, తానేనని చెప్పడం మొదలుపెట్టింది. బయటికి దారే లేని గేట్‌వే అది. రెండు రోజులు నాలుగు బ్లాకులకూ నెట్ లేదు. ఆ ఇంటివారిని తప్పుపట్టను, ఎవరైనా చేసే పొరపాటే.

ఆ తర్వాతే బ్లాకుకు ఒక రౌటర్, అంటే ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకోదానికి దారి చూపే పెట్టె, పెట్టాం. అడ్రసు కోసం కంప్యూటర్ వేసే కేకను స్విచ్ అందరికీ వినిపిస్తుంది, రౌటర్ తన గడప దాటనివ్వదు. కాబట్టి అలాంటి పొరపాటు మళ్లీ జరిగినా ఇబ్బంది ఆ బ్లాకు వరకే. నాలుగు రౌటర్లనూ వలయంగా కలిపాం. పైపుల కోసం తవ్వినవాళ్లు ఒకటి, రెండు బ్లాకుల మధ్య కేబుల్ తెంపేసిన రోజున రెండో బ్లాకు ప్యాకెట్లు (నెట్‌లో సమాచారం ప్రయాణించే చిన్న ముక్కలు) మూడు, నాలుగు బ్లాకుల మీదుగా బయటికి వెళ్లాయి. రౌటర్లు ఒకదానికొకటి కబురు పెట్టుకుని దారి మార్చుకున్నాయి. కేబుల్ తెగిందని చాలామందికి సాయంత్రం దాకా తెలియనే లేదు!

ఈ ఏడాది నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చింది పిల్లలతో చేసిన ప్రదర్శన. హాల్లో నాలుగు బల్లలు నాలుగు రౌటర్లు. ఒక్కో బల్ల మీద ఒక రూటింగ్ టేబుల్: ఏ అడ్రసుకు వెళ్లే కవరును పక్కన ఎవరికి ఇవ్వాలో రాసిన కాగితం. కవరు మీద 8 అంకె వేశాం, చేయి మారినప్పుడల్లా ఒకటి తగ్గించాలి. కావాలనే రెండో బల్ల కాగితంలో మూడోదాని పేరు, మూడోదాని కాగితంలో రెండోదాని పేరు రాశాం. కవరు ఆ రెండిటి మధ్యే తిరిగి తిరిగి, మూడో బల్ల దగ్గర సున్నాకు వచ్చింది. అక్కడి పాప దాన్ని చించేసింది. నిజం ప్యాకెట్‌కు ఈ అంకె టీటీఎల్. లైనక్స్‌లో సాధారణంగా 64తో, విండోస్‌లో 128తో మొదలవుతుంది. అది లేకపోతే దారి తప్పిన ప్యాకెట్లు తిరుగుతూనే ఉండి లైనంతా నింపేస్తాయి.

"చించేసిన సంగతి పంపినవాళ్లకు ఎలా తెలుస్తుందమ్మా?" అని ఒక పెద్దాయన అడిగారు. చించిన రౌటరే తన అడ్రసుతో తిరుగు కబురు పంపుతుంది. టీటీఎల్‌ను 1, 2, 3 అని పెంచుతూ పంపితే దారిలోని రౌటర్లు వరుసగా బయటపడతాయి. ట్రేస్‌రూట్ చేసే పని ఇదే.

మనకు కనెక్షన్ ఇచ్చినవారికి ఈ ట్రేస్‌రూట్ కాగితాలు జతచేసి మూడు ఉత్తరాలు రాశాం. ప్యాకెట్లు మన రౌటర్లన్నీ దాటి, వారివైపు రెండో మజిలీ తర్వాత ఆగిపోతున్నాయని స్పష్టంగా చూపించాం. ఫోన్ చేసిన ప్రతిసారీ "మీ రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేయండి" అనే జవాబే. ఇది బాధాకరం.

ఇంకో బాధ కూడా చెప్పాలి. రాత్రి డ్యూటీకి పన్నెండు మంది పేర్లిచ్చారు, వచ్చింది ఇద్దరే. ఆ ఇద్దరికీ, కేబుల్ లాగిన యువకులకు, మేడ మీద చోటిచ్చిన కుటుంబాలకు, కాగితాలు రాసిపెట్టిన టీచర్లకు, బల్లల దగ్గర కూర్చున్న పిల్లలకు, ఓపిక పట్టిన మీ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. రౌటర్లు, కేబుల్, యూపీఎస్ బ్యాటరీలకే ఎక్కువ ఖర్చయింది. ఆడిటర్ గారు సంతకం చేశారు.

రౌటర్ల సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు చూసుకోవడానికి బ్లాకుకు ఒకరు కావాలి. మూడో బ్లాకు నుంచి ఇంతవరకు ఎవరూ రాలేదు. సమావేశం ముగిసేలోగా నాకు పేరు ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి