నా నవల మీ దగ్గర ఎవరైనా చదివారా?

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. మీకు ఇది నా ఐదో ఉత్తరం. మొదటి నాలుగు మెయిల్స్‌కీ "మీ ఫిర్యాదు అందింది, 48 గంటల్లో స్పందిస్తాం" అని ఒకటే జవాబు వచ్చింది. ఆ మాట చెప్పి నాలుగు నెలలైంది.

నా నవల రాతప్రతిని ఇద్దరు పాఠకులు మొత్తం చదివి, ఎక్కడ ఆసక్తి తగ్గిందో పేజీతో సహా చెబుతారని మీ మనిషే ఫోన్ చేసి చెప్పారు. అప్పటికప్పుడే 6,500 రూపాయలు కట్టాను.

వారానికి "ఫైల్ పాత డీటీపీ 'అను' ఫాంట్లలో ఉంది, యూనికోడ్‌లోకి మార్చి పంపండి" అన్నారు. మారిస్తే వత్తులన్నీ చెదిరిపోయాయి. మూడు రాత్రులు కూర్చుని 212 పేజీల్లో ఒక్కో వత్తూ సరిచేశాను. పంపాక ఇంకో అబ్బాయి "పీడీఎఫ్ ఉందా అమ్మా?" అన్నాడు. అదీ పంపాను. తర్వాత ఒకమ్మాయి ఫోన్ చేసి "ఎన్ని కాపీలు ప్రింట్ చేయాలి మేడం?" అంది. ప్రింటింగ్ కాదమ్మా, చదివి చెప్పాలి అంటే, అది వేరే డిపార్ట్‌మెంట్ అని లైన్ కలిపింది. పదకొండు నిమిషాలు పాట విన్నాక కట్ అయింది. మళ్లీ చేస్తే మళ్లీ పేరు, ఆర్డర్ నంబరు, మొదటి నుంచి మొత్తం చెప్పుకోవాలి. ఎన్నిసార్లు చెప్పానో నాకే లెక్క లేదు.

చివరికి అరపేజీ రిపోర్ట్ వచ్చింది. కథనం ఆసక్తికరంగా ఉందట, హీరో పాత్ర ఇంకా బలంగా ఉండాలట. నా నవలలో హీరో లేడు. మగ్గం పని మానేసిన ఇద్దరు అక్కచెల్లెళ్ల కథ అది. ఆ మాటే అడిగితే "రిపోర్ట్ పంపినట్టు సిస్టమ్‌లో ఉంది, మీ టికెట్ క్లోజ్ అయింది మేడం" అన్నారు.

బాగోలేదని రాసి ఉంటే నేను బాధపడేదాన్ని కాదు. గురజాడ అంతటివారే 1897లో అచ్చయిన కన్యాశుల్కాన్ని 1909 కూర్పుకి చాలావరకు తిరగరాశారు. నాకు నామోషీ ఏముంది? కానీ ఏది తిరగరాయాలో తెలియాలి కదా. రాసినదాన్ని కాబట్టి కాగితం మీద లేనిది కూడా నాకు కనిపిస్తుంది. నెల రోజులు పక్కన పెట్టి చదివినా అంతే.

మీ జవాబు కోసం చూసి చూసి మా అత్తయ్యకి చదివి వినిపించాను. ఆవిడ చాటలో కందిపప్పు పోసుకుని రాళ్లు ఏరుతూ విన్నారు. చెల్లెలు మగ్గం అమ్మేసే చోట ఆవిడ చేయి పప్పులోనే ఆగిపోయింది. తర్వాత నేను ఆరు పేజీలు ఊరి చరిత్ర చెప్పిన చోట మళ్లీ ఏరడం మొదలైంది. మధ్యలో "పాలవాడు వచ్చాడేమో చూడు" అన్నారు కూడా. ఎలా ఉంది అత్తయ్యా అంటే "బాగుందమ్మా" అనే అన్నారు. ఆ రాత్రే ఆ ఆరు పేజీలూ తీసేశాను.

కానీ ఆవిడ నన్ను ఎరిగిన మనిషి, చివరిదాకా కూర్చుంటారు. నన్ను ఎరగనివాళ్లు ఎక్కడ చదవడం ఆపేస్తారో తెలుసుకోవడానికే మీకు డబ్బు కట్టాను.

2016 నుంచి మీ కస్టమర్‌ని. నా రెండు కథల సంపుటాలూ మీ దగ్గరే వేయించాను. విజయవాడ పుస్తక మహోత్సవంలో మీ స్టాల్‌లో రెండు రోజులు నిలబడ్డాను. ముగ్గురు స్నేహితులను మీ దగ్గరికి పంపాను. వాళ్లకి ఇప్పుడు ఏం చెప్పమంటారు?

నా నవల ఎవరు చదివారు, ఏ పేజీ దాకా చదివారు? ఈ రెండూ రాసి పంపండి. చదవకపోతే చదవలేదని ఒప్పుకోండి. డబ్బు సంగతి ఆ తర్వాత మాట్లాడదాం, అదీ వదిలేది లేదు. 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల చట్టం కింద జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. ఐదు లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదని కనుక్కున్నాను. మీ మెయిల్స్ అన్నీ దాచాను.

ఈసారి ఆ 48 గంటల మెయిల్ పంపకండి. ఆ పేజీలు చదివిన మనిషి చేతే ఫోన్ చేయించండి. సాయంత్రం నాలుగు దాటాక ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
తెనాలి