48కి 46 తెచ్చుకున్న మా అమ్మ మోకాలి గురించి

ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడూ అందాయన్న ముక్క కూడా రాలేదు కాబట్టి ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మోకాలి మార్పిడి ఆపరేషన్ ఎంత బాగా జరిగిందో ఇక రోగులే ఫారంలో చెబుతారని మీరన్నారు. సంతోషించాం. మా అమ్మ ఏం చెప్పిందో వినండి. ఆపరేషన్‌కు ముందు ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. డిశ్చార్జి రోజున, కట్టు ఇంకా విప్పకముందే, ఒకమ్మాయి ఫారం తెచ్చి తనే టిక్కులు పెట్టేసింది. వాకర్ పట్టుకుని బాత్రూం దాకా వెళ్లడానికే ఆయాసపడుతున్న మనిషి మెట్లు 'తేలిగ్గా' దిగుతుందట. మోకాళ్ల మీద కూర్చుని లేవడమూ 'తేలిగ్గానే'. రాత్రి నొప్పి 'లేదు'. అదొక్కటీ నిజమేలెండి, ఇంజెక్షన్ ప్రభావం ఇంకా దిగలేదు. సంతకం మాత్రం అమ్మదే.

ఆ ఫారం పేరు ఆక్స్‌ఫర్డ్ ఫారం, మోకాలి నొప్పి, కదలికల గురించి రోగినే అడిగే ప్రశ్నపత్రం. అందులో ఉన్నవి 12 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు, ఎన్ని ఎక్కువ వస్తే మోకాలు అంత బాగున్నట్టు. అడిగేది గత నాలుగు వారాల సంగతి. డిశ్చార్జి రోజున అడిగితే అందులో సగానికి పైగా పాత మోకాలి రోజులే కదండీ! అయినా ముందు ఎంత ఉందో తెలియకుండా తర్వాత వచ్చిన అంకెతో ఏం చేస్తారు? 15 నుంచి 35కి చేరినవారూ, 33 నుంచి 35కి చేరినవారూ మీ లెక్కలో ఒకటే. ఇంగ్లండ్‌లో 2009లో రోగులను ఇలా అడగడం మొదలుపెట్టినప్పుడే ఆపరేషన్‌కు ముందు ఒకసారి, ఆరు నెలలయ్యాక మరోసారి అడగాలని పెట్టుకున్నారు. మనకు ఆ రెండోసారి ఎప్పుడొస్తుంది?

ఎనిమిది నెలలైంది. అమ్మకు రాత్రి నిద్ర లేదు. డాక్టరు గారు ఎక్స్‌రే చూసి 'జాయింట్ చక్కగా కూర్చుంది' అంటారు. కూర్చున్నది జాయింటే, అమ్మ కూర్చోలేకపోతోంది. ఈ ఆపరేషన్ తర్వాత అయిదుగురిలో ఒకరి దాకా అసంతృప్తి మిగులుతుందని వైద్యులే రాస్తుంటారు. ఆ ఒక్కరు మీ నివేదికలో ఎక్కడున్నారు సార్?

దయచేసి ముందు అడగండి, ఆరు నెలలకు మళ్లీ అడగండి, ఆపరేషన్ చేసినవాళ్ల చేత మాత్రం అడిగించకండి. చదువురానివాళ్లకు చదివి వినిపించండి, జవాబు వాళ్లనే చెప్పనివ్వండి. అసలు ముందు నా ఉత్తరాలకైనా జవాబివ్వండి.

అమ్మ ఫారం నకలు జతచేస్తున్నాను. 48కి 46 వచ్చాయి. అభినందించడానికి ఎవరినైనా పంపదలిస్తే తప్పకుండా పంపండి. కాకపోతే ఆమె లేచొచ్చి తలుపు తీసేదాకా కాస్త ఓపిక పట్టమనండి.

ఇట్లు,
ఒక రోగి కూతురు