సీలు ఒక్కటి వేస్తే చాలంటున్నారు

సంపాదకులకు నమస్కారం.

చిత్తూరు బజారు వీధిలో నాకు హోల్‌సేల్ కిరాణా షాపు ఉంది. నేను చదివింది బీకాం, అదీ తెలుగు మీడియంలో. యూనివర్సిటీ చదువుల మీద లేఖ రాసేంత వాణ్ని కాను. కానీ బీబీఏ, బీకాం పిల్లల చదువులో కొంత భాగం ఇప్పుడు మా షాపుల గల్లా పెట్టె దాకా వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

పోయిన నెలలో ఒక సాయంత్రం, బేరాలు బాగా ఉన్న వేళ, గుడిపాల వైపు నుంచి ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. "అన్నా, పాప బీబీఏ చదవతా ఉంది. ఇంటర్న్‌షిప్ అంట. మీరు సీలేసి సంతకం పెడితే చాలు" అన్నాడు. ఆ పాప ఇచ్చిన పుస్తకం తెరిస్తే అప్పటికే నిండిపోయి ఉంది. ఏ రోజు ఏం నేర్చుకుందో తేదీలవారీగా, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేసింది. ఒకరోజు ఇన్వెంటరీ మేనేజ్‌మెంట్, ఇంకోరోజు కస్టమర్ రిలేషన్‌షిప్. నాలుగు ఆదివారాలు కూడా నా షాపులో పనిచేసినట్టు ఉంది. ఆదివారం మేం షట్టరే తీయం. ఇదంతా ఎక్కడిదమ్మా అంటే, సీనియర్ల పుస్తకం చూసి రాశానంకుల్ అని దాపరికం లేకుండా చెప్పింది. డబ్బు కడితే ఇంట్లో కూర్చునే సర్టిఫికెట్ తెప్పించుకునే దారులున్నాయట. అది ఇష్టంలేక నా దగ్గరికి వచ్చారు. ఆ మాట విన్నాక కోప్పడడానికి నాకు నోరు రాలేదు.

నేనేమీ నీతిమంతుణ్ని కాను లెండి. నిరుడు తెలిసినవాళ్లు అడిగారని ఇద్దరు కుర్రాళ్లకు ఇలాగే సీలు వేసిచ్చాను. వాళ్ల పుస్తకాల ప్రకారం 2025 సెప్టెంబరులో వాళ్లిద్దరూ నా షాపులోనే ఉన్నారు. ఆ నెల 22న జీఎస్టీ మారింది. సబ్బులు, పేస్టులు, తలనూనెలు, బిస్కెట్లు 18 శాతం నుంచి 5 శాతానికి దిగాయి. కొనేవాళ్లకు పండగే. మా సంగతి వేరు. గోడౌన్‌లో ఉన్నదంతా 18 శాతం కట్టి తెచ్చిన సరుకు, పెట్టెల మీద పాత ఎంఆర్‌పీ, బిల్లులో వేయాల్సింది 5 శాతం. రేట్లు తగ్గుతాయని తెలిసినప్పటి నుంచీ పల్లె షాపులవాళ్లు సరుకు ఎత్తడం ఆపేశారు. "22 తర్వాత తీసుకుంటాంలే" అన్నారు. మాకు సరుకిచ్చిన ఏజెన్సీలవాళ్లు మాత్రం చెక్కు ఎప్పుడిస్తారని రోజూ ఫోన్. సరుకు అమ్మి ఆ డబ్బుతో మళ్లీ సరుకు తెచ్చే రొటేషన్ నిలిచిపోయింది. నేను, మా గుమస్తా రెండు రాత్రులు కంప్యూటర్ ముందే కూర్చుని రేట్లు మార్చుకున్నాం. ఒక బీబీఏ కుర్రాడు ఆ వారం అక్కడ నిలబడి ఉంటే మూడేళ్ల పాఠం ఒళ్లోకి వచ్చి పడేది. మాకూ ఒక చెయ్యి సాయం ఉండేది. ఇద్దరిలో ఒక్కడూ షాపు ముఖం చూడలేదు. తప్పు వాళ్లది ఎంతో, సీలు వేసిన నాదీ అంతే.

రూలు చెడ్డదని నేననను. మన రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక రెండు నెలలు, ఆపైన ఒక సెమిస్టరు మొత్తం. మా రోజుల్లో ఇది లేకే కదా, పట్టా చేతికొచ్చినా చిఠ్ఠా రాయడం రాక మా నాయన చేత చివాట్లు తిన్నాను. పైగా 2024-25 నుంచి బీబీఏ కోర్సులను ఢిల్లీలోని సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ తన కిందికి తెచ్చుకుంది. తనిఖీకి వచ్చేవాళ్లు గదులూ కంప్యూటర్లూ లెక్కపెట్టడంతో ఆగకుండా ఈ ఇంటర్న్‌షిప్ పుస్తకాల్లో ఒక పదింటిని తీసి, అందులో ఉన్న షాపులకు ఫోన్ చేస్తే బాగుంటుంది.

లెక్చరర్లను అని లాభం లేదు. చాలాచోట్ల గెస్టు ఫ్యాకల్టీయే. ఒక్కరి నెత్తిన అరవై మంది పిల్లలుంటే ఎన్ని షాపులు తిరుగుతారు, ఎవరి డబ్బుతో తిరుగుతారు? కరకంబాడి బ్యాటరీ ఫ్యాక్టరీ, శ్రీసిటీ కంపెనీలు ఉన్నాయి కదా అంటారు. గుడిపాల నుంచి రోజూ శ్రీసిటీకి పోయి రావడం అయ్యే పనేనా? అక్కడ వీళ్లను గేటు దాటనిచ్చేదెవరు? చివరికి మిగిలేది మా బజారు వీధి, తిరుపతిలో లాడ్జీలు, హోటళ్లు, పాల డెయిరీలు, మామిడి మండీలు. నా మట్టుకు ఇవి తక్కువ చోట్లేమీ కావు. 2025 జూన్‌లో తోతాపురి ధర పడిపోయి పల్ప్ ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరిన సంగతి పాఠకులకు తెలుసు. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 ఇవ్వాలన్నారు. ముందు ఏడాది పల్ప్ అమ్ముడుపోక డ్రమ్ముల్లో మూలుగుతుంటే ఫ్యాక్టరీవాడు కొత్త కాయ ఎందుకు కొంటాడు, ఏడాదంతా అమ్మాల్సిన సరుక్కి రెండు నెలల్లోనే డబ్బంతా ఎక్కడి నుంచి తెస్తాడు? ఆ బారుల్లో నిలబడ్డ రైతుల పిల్లలే ఈ క్లాసుల్లో కూర్చుని ఎక్కడో అమెరికా కంపెనీ కథ బట్టీ పడుతున్నారు.

ఆ పాపను అడిగాను, వర్కింగ్ క్యాపిటల్ అంటే ఏందమ్మా అని. "కరెంట్ అసెట్స్ మైనస్ కరెంట్ లయబిలిటీస్" అని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. అంటే చేతిలో ఉన్నవీ త్వరలో రావాల్సినవీ కలిపి, అందులోంచి త్వరలో కట్టాల్సిన అప్పులు తీసేయడం. "మీ ఇంట్లో ఆవులున్నాయా?" ఉన్నాయంది. "పాల డబ్బులు పదిహేను రోజులకోసారి కదా వచ్చేది, అంతవరకూ దాణా ఎట్లా?" "దాణా షాపులో అరువు అంకుల్." నువ్వు చదివిన లెక్కలో ఆ అరువు ఏ పక్కకొస్తుంది, డెయిరీ నుంచి రావాల్సిన డబ్బు ఏ పక్కకొస్తుంది అంటే కాసేపు ఆలోచించి, అరువు కట్టాల్సిన పక్కకు, డెయిరీ డబ్బు రావాల్సిన పక్కకు అని రెండూ సరిగ్గా చెప్పి నవ్వింది. పక్కనుంచి వాళ్ల నాన్న, "ఇదంతా పరీక్షలో వస్తుందా అన్నా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954 నుంచి ఈ ప్రాంతాన్ని చదివిస్తోంది. దాని పెద్దలకు నా విన్నపం ఒకటే: ఇంటర్న్‌షిప్ మార్కులు పుస్తకం లావు చూసి వేయొద్దు. వైవాలో షాపువాణ్ని కూడా కూర్చోబెట్టండి, రాలేకపోతే ఫోన్లోనైనా అడగండి. పిల్లల ముందు ఒక నిజం బిల్లు పెట్టి చదివించండి, జవాబు తెలుగులో చెప్పినా ఒప్పుకోండి. పిల్లల్ని తీసుకునే షాపుల జాబితా కోసం ఊరూరా ఉన్న మర్చంట్స్ అసోసియేషన్లను అడగొచ్చు. మాలోనూ ఇంటర్న్‌షిప్ పేరు చెప్పి మూటలు మోయించుకునే ఘనులున్నారు. అలాంటి వాళ్ల పేరు జాబితాలోంచి కొట్టేయండి.

ఆ రోజు నేను సీలు వేయలేదు. రెండు వారాలు పంపండి, తర్వాత వేస్తానన్నాను. బస్సు లేటైతే పొద్దుపోతుందని వాళ్ల నాన్న కాస్త వెనకాడినా పంపాడు. నాలుగో రోజు డ్యామేజీ సరుకు కాగితాలు సర్దుతూ, ఒకే బిస్కెట్ల పెట్టెకు మేం ఒక షాపుకు రెండుసార్లు క్రెడిట్ నోటు, అంటే పాడైన సరుకు విలువ వాళ్ల బాకీలో తగ్గించే కాగితం, ఇచ్చామని పట్టుకుంది. మా గుమస్తా ఇరవై ఏళ్లుగా ఉన్నవాడు, ఆ రోజంతా మూతి ముడుచుకునే ఉన్నాడు.

ఈ సంగతి రాద్దామంటే పాప పుస్తకంలో ఖాళీ పేజీ లేదు. విడిగా రెండు తెల్లకాగితాల మీద రాసుకుంది. వాటి మీద సీలు వేసి సంతకం పెట్టాను. కాలేజీలో తీసుకుంటారో లేదో ఇంకా తెలియలేదు.

— ఒక కిరాణా వ్యాపారి, చిత్తూరు