లేజర్ అంకెలతో సరిపెట్టడం మా వల్ల కాదు

ఏళ్లుగా మా ల్యాబును నమ్ముకున్నవారికి,

ఇన్‌హేలర్ శాంపిళ్ల రిపోర్టులు ఈసారి ఆలస్యమవుతాయి. కారణం మా నోటి నుంచే వినడం న్యాయం కనుక రాస్తున్నాను.

ఇన్‌హేలర్ నుంచి వచ్చే కణాలను సైజును బట్టి అంచెలంచెలుగా, అంటే స్టేజీలుగా, వేరుచేసే యంత్రం మా నెక్స్ట్ జనరేషన్ ఇంపాక్టర్. దాన్ని ఎప్పటిలాగే నాజిళ్ల (గాలి దూరే సన్న రంధ్రాల) కొలతకు బయటి సంస్థకు పంపాం. తిరిగొచ్చిన సర్టిఫికెట్‌లో ‘సంతృప్తికరం’ అన్న మాట తప్ప అంకె ఒక్కటీ లేదు. ఏ స్టేజీలో రంధ్రాల వ్యాసం ఎంతుందని అడిగితే, అంత వివరం ఎవరికీ అక్కర్లేదన్నారు. మాకు కావాలి. ఏడో స్టేజీ ఒక్కదానిలోనే 0.206 మిల్లీమీటర్ల రంధ్రాలు 630 ఉంటాయి. మందు పేరుకుంటే అవి సన్నబడతాయి, తుప్పు తింటే వెడల్పవుతాయి. గాలి ప్రవాహం అంతే ఉండి వ్యాసం 10 శాతం పెరిగితే, ఆ స్టేజీ ఎంత సైజు కణాన్ని పట్టాలన్న హద్దు సుమారు 15 శాతం జరుగుతుంది. మందు మారకపోయినా మారినట్టు రిపోర్టు చెబుతుంది. ‘సంతృప్తికరం’ అట! ఎవరికి?

ఈలోగా లేజర్ డిఫ్రాక్షన్ (కణాలపై పడి లేజర్ వెలుగు చెదిరే తీరును బట్టి సైజు చెప్పే పద్ధతి) అంకెలు ఇవ్వమని కొందరు అడిగారు, అదీ కణ పరిమాణమే కదా అని. ఒకరైతే మేం పని పెంచుకోవడానికి సాకులు వెతుకుతున్నామన్నారు. ఆ మాట గుచ్చుకుంది. లేజర్ యంత్రం మా దగ్గరే ఉంది, క్షణాల్లో ఫలితం ఇస్తుంది. ఇంపాక్టర్‌తోనైతే కణాలు పడే ఒక్కో కప్పుకూ పూత పూయాలి, స్టేజీల వారీగా మందు కడిగి తీయాలి, అన్నిటినీ హెచ్‌పీఎల్‌సీలో (మందు ఎంతుందో కొలిచే యంత్రంలో) నడపాలి. పని తప్పించుకోవాలంటే మాకు లేజరే హాయి.

కానీ లేజర్‌కు మందేదో, లాక్టోజ్ ఏదో తెలియదు. పొడి ఇన్‌హేలర్‌లో మందు కణాలు కొద్ది మైక్రాన్లే, వాటిని మోసే లాక్టోజ్ పదుల మైక్రాన్లు. వెలుగుకు రెండూ ఒకటే. ప్రొపెల్లెంట్ (మందును బయటికి చిమ్మే వాయువు) ఉన్న ఇన్‌హేలర్‌లోనైతే ఇంకా ఆవిరవుతున్న బిందువులనూ కొలిచేస్తుంది, ఆ ఆవిరి కాంతిని పక్కకు వంచుతుంది కూడా. ఇంపాక్టర్ చూసేది వేరు: గాలి మలుపు తిరిగినప్పుడు కణం దానితో పోతుందా, తిరగలేక కప్పులో పడుతుందా అన్నది. సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.1 గ్రాము ఉన్న 10 మైక్రాన్ల బోలు కణం గాలిలో దాదాపు 3 మైక్రాన్ల కణంలా నడుస్తుంది. లేజర్ దాన్ని 10 అనే చెబుతుంది. కణం కొంత దూరం దాటడానికి పట్టే సమయాన్ని కొలిచే టైమ్ ఆఫ్ ఫ్లైట్ పద్ధతి ఏరోడైనమిక్ వ్యాసమే (గాలిలో నడిచే తీరును బట్టి చెప్పే సైజు) ఇస్తుంది గానీ, దట్టమైన మేఘంలో రెండు కణాలు కలిసి దూసుకుపోతే తికమకపడుతుంది. మందును గుర్తుపట్టడం దానికీ రాదు.

నిద్ర పట్టనివ్వనిది మాత్రం మా పాత ఆండర్సన్ ఇంపాక్టర్. నిమిషానికి 28.3 లీటర్ల గాలితో, ఎనిమిది స్టేజీలతో, కొలతలన్నీ సరిగా ఉన్న యంత్రం అది. దానితో పని ముగించి బిల్లులు పంపేయవచ్చు, ఎవరూ తప్పుపట్టరు కూడా. కానీ నిల్వలో మందు మారుతుందా అని నెలల తరబడి చూసే స్టెబిలిటీ అధ్యయనంలో మూడో నెల అంకెలు ఒక యంత్రంవి, ఆరో నెలవి మరో యంత్రంవి అయితే, వాటి మధ్య తేడా మందుదా, యంత్రానిదా? స్టేజీల హద్దులు వేరు, గోడలకు అంటుకునే మందు వేరు. చాలాసార్లు అవుననుకుని, చివరికి వద్దనుకున్నాను. మొండితనమంటే అననివ్వండి. నడుస్తున్న అధ్యయనాలేవీ ఆండర్సన్‌పైకి మారవు. కొత్తగా మొదలయ్యే ప్రొపెల్లెంట్ ఇన్‌హేలర్ అధ్యయనాలను కావాలంటే దానిపైనే మొదలుపెట్టి దానిపైనే ముగిస్తాం.

నీటిలో మందు పూర్తిగా కరిగిన నెబ్యులైజర్ (ద్రవ మందును తుంపరగా మార్చే పరికరం) శాంపిళ్లకు లేజర్ ఫలితం ఇస్తాం, ఎందుకంటే అక్కడ బిందువు పరిమాణాన్ని బట్టే మందు ఉంటుంది. పద్ధతి పేరు మొదటి పేజీలోనే రాస్తాం. మందు కరగకుండా నీటిలో తేలే సస్పెన్షన్లకు ఇది కుదరదు.

ఇంపాక్టర్‌ను మరో సంస్థకు పంపాం. ప్రతి స్టేజీ కొలతా మీ రిపోర్టుకు జతచేస్తాం. మీ శాంపిళ్లు మీరు చెప్పిన ఉష్ణోగ్రత, తేమల్లోనే భద్రంగా ఉన్నాయి. ఆగిన పనికి అదనపు రుసుము లేదు. ఆగలేనివారు వేరే ల్యాబుకు తీసుకువెళ్లవచ్చు, ప్యాకింగ్ మేమే చేసిస్తాం. మనసుకు కష్టమే అయినా చేసిస్తాం.

పాత సంస్థ వచ్చే ఏడాదికి రాయితీ ఇస్తామని ఫోను చేసింది. ముందు ఈ ఏడాది అంకెలు పంపమన్నాను.